మహమూద్ అబ్దుల్ రవూఫ్: గురి తప్పని షూటర్‌ను అమెరికా ఎందుకు వదులుకుంది?

ఈ రోజుల్లో బాస్కెట్‌బాల్ చూసేవాళ్లకు స్టీఫెన్ కర్రీ పేరు చెప్పక్కర్లేదు. ఎక్కడి నుంచి వేసినా బంతి రింగ్‌లో పడుతుంది. 2016లో కర్రీ ఊపు మీద ఉన్నప్పుడు, ఇలాంటి ఆటగాణ్ని ఇంతవరకు చూడలేదని అందరూ అంటుంటే, షికాగో బుల్స్‌ను ఆరుసార్లు విజేతగా నిలిపిన కోచ్ ఫిల్ జాక్సన్ వేరే పేరు గుర్తు చేశారు. ఆ పేరు మహమూద్ అబ్దుల్ రవూఫ్. కొత్త తరానికి ఆ పేరు దాదాపు తెలియదు. తెలిసిన కొద్దిమందికీ ఆయన ఆట కన్నా, 1996లో జాతీయ గీతం విషయంలో జరిగిన గొడవే ఎక్కువ గుర్తు.

ఆరు అడుగుల ఒక అంగుళం ఎత్తు. ఆ ఆటలో అది పొట్టి కిందే లెక్క. అయినా ఒక దశలో అమెరికాలో అత్యంత ప్రమాదకరమైన షూటర్లలో ఆయన ఒకరు. 29 ఏళ్లకే ఎన్‌బీఏలో చోటు పోయింది. తర్వాత టర్కీ, కెనడా, రష్యా, ఇటలీ, గ్రీస్, సౌదీ అరేబియా, జపాన్ తిరిగి 40 ఏళ్లు దాటేవరకు ఆడుతూనే ఉన్నారు. ఇంత చేయి తిరిగిన ఆటగాడు దేశదేశాలు ఎందుకు తిరగాల్సి వచ్చింది? ఆ కథ అర్థం కావాలంటే మొదటి నుంచి చూడాలి.

గల్ఫ్‌పోర్ట్‌లో ఒక పేద పిల్లాడు

1969 మార్చి 9న మిసిసిపీ రాష్ట్రం గల్ఫ్‌పోర్ట్‌లో పుట్టినప్పుడు ఆయన పేరు క్రిస్ జాక్సన్. ఇంట్లో తండ్రి లేడు. తల్లి జాక్వెలిన్ ఒంటి చేత్తో పిల్లల్ని పెంచింది. పేదరికం అంటే ఏదో మాట వరసకు కాదు, పూట గడవడమే కష్టంగా ఉన్న ఇల్లు అది.

దానికి తోడు ఇంకో బాధ. చిన్నప్పటి నుంచి ఆ పిల్లాడి శరీరం తన మాట వినేది కాదు. ఉన్నట్టుండి మెడ, చేతులు అదిరేవి, నోటి నుంచి శబ్దాలు వచ్చేవి. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయాలనిపించేది. బూట్ల లేసు కట్టుకుంటే, ‘సరిగ్గా కుదిరింది’ అని మనసుకు అనిపించేదాకా విప్పి కట్టడం, విప్పి కట్టడం. స్కూల్లో పిల్లలు వింతగా చూసేవారు. అది టూరెట్ సిండ్రోమ్ అనే నరాల సంబంధిత సమస్య అని డాక్టర్లు తేల్చేసరికి ఆయనకు సుమారు 17 ఏళ్లు. అంతవరకు తనకేమైందో తనకే తెలియదు.

ఈ జబ్బే ఆయన్ని షూటర్‌ను చేసిందంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఆయనే చాలాసార్లు చెప్పిన సంగతి ఇది. బంతి వేస్తే రింగ్‌లో పడితే చాలదు. రింగ్‌ను తాకకుండా నేరుగా నెట్‌లోంచి దిగాలి, ఆ శబ్దం కూడా చెవికి సరిగ్గా వినిపించాలి. అలా వరసగా పది పడాలి. తొమ్మిది పడి పదోది కాస్త అటూఇటూ అయితే లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఒళ్లు అలసిపోయినా, చీకటి పడినా సరే, ఆ పది పూర్తి కాకుండా గ్రౌండ్ వదిలి ఇంటికి వెళ్లలేకపోయేవాడు. వేరే పిల్లలకు ప్రాక్టీస్ అంటే కోచ్ చెప్పినంత సేపు. ఈ పిల్లాడికి మాత్రం మనసు ఒప్పుకునేదాకా. ఏళ్ల తరబడి అలా సాగిన సాధన చేతిలోకి దిగిపోయింది.

గల్ఫ్‌పోర్ట్ హైస్కూల్‌లో ఆడుతున్నప్పుడే 1987, 1988లో వరసగా రెండేళ్లు మిసిసిపీ రాష్ట్ర ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. పెద్ద పెద్ద కాలేజీలు వెంటపడ్డాయి.

కాలేజీలో రికార్డుల మోత

1988లో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. కోచ్ డేల్ బ్రౌన్. కాలేజీ ఆటలో కొత్తగా వచ్చిన కుర్రాళ్లు మొదటి ఏడాది సీనియర్ల వెనక బెంచీ మీద కూర్చోవడం అప్పట్లో మామూలే. క్రిస్ జాక్సన్ మాత్రం మొదటి ఏడాదే సగటున మ్యాచ్‌కు 30.2 పాయింట్లు కొట్టాడు. ఫ్లోరిడా మీద 53, మిసిసిపీ యూనివర్సిటీ మీద 55. మొత్తం ఆ సీజన్‌లో 965 పాయింట్లు. మొదటి ఏడాది విద్యార్థికి అది అప్పటికి జాతీయ రికార్డు.

రెండో ఏడాది జట్టులోకి ఇంకో కొత్త కుర్రాడు వచ్చాడు. ఏడడుగుల పైన ఎత్తు, పేరు షకీల్ ఓనీల్. అంత పెద్ద మనిషి పక్కన ఆడుతూ కూడా జాక్సన్ సగటు 27.8. రెండేళ్లూ ఆ ప్రాంతపు కాలేజీల్లో ఉత్తమ ఆటగాడి అవార్డు ఆయనకే దక్కింది. చదువు పూర్తి చేయకుండానే 1990లో ప్రొఫెషనల్ ఆటలోకి వెళ్లాడు. ఇల్లు గడవాలి, తల్లి కష్టం తీరాలి.

కాలేజీ రోజుల్లోనే మరో సంగతి జరిగింది. కోచ్ డేల్ బ్రౌన్ ఆయనకు మాల్కం ఎక్స్ ఆత్మకథ ఇచ్చారు. మైదానంలో ఎలా ఆడాలో చెప్పే కోచ్ ఇచ్చిన ఆ పుస్తకం, మైదానం బయట ఆయన ఆలోచననే మార్చేసింది.

డెన్వర్: పడి లేచిన మనిషి

ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతిని డ్రాఫ్ట్ అంటారు. 1990 డ్రాఫ్ట్‌లో డెరిక్ కోల్‌మన్, గ్యారీ పేటన్ తర్వాత మూడో వాడుగా డెన్వర్ నగెట్స్ ఆయన్ని తీసుకుంది. మొదటి ఏడాది సగటు 14.1 పాయింట్లు. ఫర్వాలేదు. రెండో ఏడాది ఒళ్లు పెరిగింది, ఆట తగ్గింది. సగటు 10.3కి పడిపోయింది. ‘కాలేజీ పులి, ఇక్కడ పిల్లి’ అన్నట్టు మాట్లాడటం మొదలైంది.

సరిగ్గా ఆ కాలంలోనే, 1991లో, ఆయన ఇస్లాం స్వీకరించారు. నమాజ్, రోజా, వేళకు తిండి, వేళకు నిద్ర ఆయన జీవితంలోకి వచ్చాయి. బరువు తగ్గించుకుని మళ్లీ మొదటి నుంచి కష్టపడ్డారు. 1992-93 సీజన్‌లో సగటు 19.2కి ఎగబాకింది. అంతకుముందు ఏడాదికి దాదాపు రెట్టింపు. ఆ సంవత్సరం లీగ్‌లో అందరికన్నా ఎక్కువ మెరుగుపడిన ఆటగాడి అవార్డు ఆయనకు ఇచ్చారు.

1993లో పేరు మార్చుకుని మహమూద్ అబ్దుల్ రవూఫ్ అయ్యారు. మహమూద్ అంటే ప్రశంసలకు అర్హుడు. అర్రవూఫ్ అల్లాహ్ నామాల్లో ఒకటి. ఎంతో దయ గలవాడని అర్థం. అబ్దుల్ రవూఫ్ అంటే ఆ దయామయుడి దాసుడు.

1994లో డెన్వర్ ఒక అద్భుతం చేసింది. ప్లేఆఫ్స్‌లోకి ఎనిమిదో స్థానంలో, అంటే ఆఖరి స్థానంలో, వచ్చిన జట్టు మొదటి స్థానంలో ఉన్న సియాటిల్ సూపర్‌సోనిక్స్‌ను 3-2తో ఇంటికి పంపింది. ఎన్‌బీఏ చరిత్రలో ఎనిమిదో జట్టు మొదటి జట్టును ఓడించడం అదే తొలిసారి. గెలిచాక డికెంబే ముటొంబో నేల మీద పడుకుని బంతిని రెండు చేతులతో పట్టుకుని నవ్విన ఫొటో ఇప్పటికీ కనిపిస్తుంటుంది. ఆ సీజన్‌లో సగటున 18 పాయింట్లు కొట్టింది అబ్దుల్ రవూఫ్.

షూటర్ అంటే ఏమిటి?

బాస్కెట్‌బాల్ అంతగా తెలియనివాళ్లకు ఒక చిన్న వివరణ. ఎదుటి ఆటగాడు తప్పు చేస్తే దక్కే ఉచిత షాట్‌ను ఫ్రీ త్రో అంటారు. 15 అడుగుల దూరం. ఎవరూ అడ్డు రారు. వినడానికి తేలిక. కానీ వేల మంది జనం అరుస్తుంటే, ఊపిరి ఆడనంత అలసటలో, రింగ్‌ను చూసి వేయడం అంత తేలిక కాదు. నాలుగింట మూడు వేస్తే మామూలు ఆటగాడు. పదింట తొమ్మిది వేస్తే గొప్ప షూటర్.

1993-94 సీజన్‌లో అబ్దుల్ రవూఫ్ 229 ఫ్రీ త్రోలు వేస్తే 219 పడ్డాయి. అంటే 95.6 శాతం. అప్పటి ఎన్‌బీఏ రికార్డు 1980-81లో కాల్విన్ మర్ఫీ సాధించిన 95.8 శాతం. ఇంకొక్కటి పడి ఉంటే రికార్డు ఈయనదే. 1996లో మరోసారి ఫ్రీ త్రోల శాతంలో లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచారు. మొత్తం ఎన్‌బీఏ కెరీర్‌లో సగటు 90.5 శాతం. గల్ఫ్‌పోర్ట్‌లో చీకటిపడేదాకా లెక్కపెట్టిన ఆ ‘వరసగా పది’ ఇక్కడ పనికొచ్చింది.

ఆయన గొప్పతనం ఫ్రీ త్రోల్లోనే కాదు. బంతిని తడుతూ పరిగెత్తి, ఒక్కసారిగా ఆగి, ఎదుటివాడు చెయ్యి ఎత్తే లోపే వేసేసేవారు. ఎత్తు తక్కువ కాబట్టి వేగమే ఆయన ఆయుధం. నేడు కర్రీ లాంటివాళ్లు చేస్తున్నది ఇదే. తేడా ఏమిటంటే, అప్పట్లో కోచ్‌లు దూరం నుంచి వేసే షాట్లను అంతగా ప్రోత్సహించేవారు కాదు. రింగ్ దగ్గర పొడుగాటి ఆటగాళ్లకు బంతి అందించడమే అప్పటి పద్ధతి. ఇరవై ఏళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే ఆయన లెక్కలు ఇంకెలా ఉండేవో అని చాలామంది అనుకోవడానికి కారణం అదే.

1995 డిసెంబర్ 7న యూటా జాజ్ మీద ఆయన 51 పాయింట్లు కొట్టారు. 1996 ఫిబ్రవరి 4న మైకేల్ జోర్డన్ ఉన్న షికాగో బుల్స్ డెన్వర్ వచ్చింది. వరసగా 18 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన జట్టు అది. ఆ సీజన్ మొత్తం మీద 82 మ్యాచ్‌ల్లో ఓడింది పదే. ఆ పదిలో ఒకటి ఆ రోజు డెన్వర్‌లో. స్కోరు 105-99. అబ్దుల్ రవూఫ్ పాయింట్లు 32.

సుమారు ఐదు వారాల తర్వాత అంతా తలకిందులైంది.

1996 మార్చి: ఆ నాలుగు రోజులు

అమెరికాలో ప్రతి మ్యాచ్‌కు ముందు జాతీయ గీతం పాడతారు. ఆటగాళ్లందరూ వరసలో నిలబడతారు. ఆ సీజన్‌లో అబ్దుల్ రవూఫ్ ఆ సమయంలో డ్రెస్సింగ్ రూమ్‌లోనే ఉండిపోయేవారు, లేదా కూర్చుని ఒళ్లు సాగదీసుకునేవారు. నెలల పాటు ఎవరూ పట్టించుకోలేదు. ఆయన కూడా ప్రెస్ మీట్ పెట్టలేదు, నినాదాలు ఇవ్వలేదు. మార్చిలో ఆ విషయం మీడియాకెక్కింది. విలేకరులు అడిగారు, ఆయన దాచకుండా చెప్పారు. ఆ జెండా కొందరికి స్వేచ్ఛకు గుర్తు కావచ్చు గానీ, అణచివేత చరిత్ర అనుభవించినవాళ్లకు అది దానికే గుర్తు అన్నారు. దేవుడి పక్షాన, జులుం పక్షాన రెండింటా ఒకేసారి నిలబడటం తన వల్ల కాదన్నది ఆయన వాదన.

మార్చి 12న ఎన్‌బీఏ ఆయన్ని సస్పెండ్ చేసింది. ఎన్ని రోజులని చెప్పలేదు. నిలబడేదాకా ఆట లేదు, జీతం లేదు. పోయే ప్రతి మ్యాచ్‌కు 31,707 డాలర్లు కోత. 82 మ్యాచ్‌ల సీజన్‌కు లెక్కేస్తే దాదాపు 26 లక్షల డాలర్లు. పూట గడవని ఇంట్లో పుట్టిన మనిషికి ఆ అంకె విలువ ఏమిటో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇక్కడ చట్టం ఏమంటుందో చూడాలి. 1943లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లోనే, అమెరికా సుప్రీంకోర్టు బార్నెట్ కేసులో ఒక తీర్పు ఇచ్చింది. స్కూలు పిల్లలతో బలవంతంగా జెండాకు సెల్యూట్ చేయించే అధికారం ప్రభుత్వానికి లేదని ఆ తీర్పు సారాంశం. మరి అబ్దుల్ రవూఫ్‌కు ఆ రక్షణ ఎందుకు దొరకలేదు? ఎందుకంటే ఆ హక్కు ప్రభుత్వానికి ఎదురుగా పనిచేస్తుంది. ఎన్‌బీఏ ప్రభుత్వం కాదు, ప్రైవేటు సంస్థ. గీతం పాడేటప్పుడు ఆటగాళ్లు, కోచ్‌లు మర్యాదగా నిలబడాలని ఆ సంస్థ నిబంధనల్లో ఉంది. ‘ఇది మా రూల్, మీరు మా దగ్గర పనిచేస్తున్నారు’ అని లీగ్ అంది. మత స్వేచ్ఛ కోణంలో ఆటగాళ్ల సంఘం ఆయనకు అండగా నిలిచింది. వ్యవహారం కోర్టుదాకా వెళ్లకముందే రాజీ కుదిరింది.

రాజీ ఇది: ఆయన నిలబడతారు. కానీ కళ్లు మూసుకుని, తల దించుకుని, మనసులో దువా చేసుకుంటారు. మార్చి 15న షికాగోలో బుల్స్‌తో మ్యాచ్. గీతం మొదలైంది. ఆయన నిలబడి, రెండు అరచేతులు ముఖానికి దగ్గరగా ఎత్తి, కళ్లు మూసుకుని దువా చేశారు. చుట్టూ కెమెరాలు, స్టేడియం నిండా ఎగతాళి అరుపులు. పోగొట్టుకున్నది ఒక్క మ్యాచ్ జీతమే.

అది లొంగిపోవడమా, తెలివైన దారా? అప్పట్లోనే రెండు మాటలూ వినిపించాయి. ఒక మాట మాత్రం గమనించాలి. ఆయన తన అభిప్రాయం వెనక్కి తీసుకోలేదు. క్షమాపణ చెప్పలేదు. అణచివేతకు గురైన వాళ్ల కోసం, ఏ మతం వాళ్లయినా ఏ రంగు వాళ్లయినా, దువా చేస్తానన్నారు. నిలబడటం మీద పట్టుబట్టినవాళ్లకు నిలబడటం దొరికింది. ఆయన నమ్మకం ఆయన దగ్గరే ఉండిపోయింది.

అయినవాళ్ల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు

ఈ గొడవను ‘ముస్లింలు ఒకవైపు, అమెరికా ఒకవైపు’ అన్నట్టు చూస్తే తప్పు. అప్పటికి ఎన్‌బీఏలో అందరికన్నా పెద్ద ముస్లిం ఆటగాడు హకీమ్ ఒలాజువాన్. నైజీరియాలో పుట్టి అమెరికా పౌరుడైన ఆయన, ఉన్న దేశపు చట్టాన్ని, పద్ధతుల్ని గౌరవించాలన్నదే ఇస్లాం బోధన అని బహిరంగంగా చెప్పారు. నిలబడినంత మాత్రాన అది ఆరాధన అయిపోదని ఎంతోమంది ముస్లింల అభిప్రాయం. రాజీ దారి దొరకడానికి ఈ చర్చ కూడా దోహదపడింది. ఒకే దీన్‌ను నమ్మే ఇద్దరు నిజాయితీపరులు ఒకే విషయంలో రెండు రకాలుగా ఆలోచించారు. ఎవరి ఇమాన్‌నూ ఎవరూ శంకించలేదు.

బయట మాత్రం పరిస్థితి వేరు. డెన్వర్‌లోని ఒక రేడియో స్టేషన్ మనుషులు ప్రచారం కోసం ఒక మస్జిద్‌లోకి దూరి, బూరలు ఊది జాతీయ గీతం వాయించారు. నమాజ్ చేసే చోట చేసిన ఆ పనికి నలుగురి మీద కేసు పెట్టారు. ఒక ఆటగాడు నోరు విప్పితే, అతనితో ఏ సంబంధం లేని మామూలు నమాజీలు దాని ఫలితం మోయాల్సి వచ్చింది. ఇది ఇప్పటి పాఠకులకు కొత్తగా అనిపించదు.

మెల్లగా మూసుకున్న తలుపులు

ఆ సీజన్‌లో ఆయన సగటు 19.2 పాయింట్లు, 6.8 అసిస్టులు. అంటే జట్టులో అందరికన్నా ముఖ్యమైన ఆటగాళ్లలో ఒకరు. వయసు 27. మామూలుగా అలాంటివాణ్ని ఏ జట్టూ వదులుకోదు. కానీ 1996 జూన్‌లోనే డెన్వర్ ఆయన్ని శాక్రమెంటో కింగ్స్‌కు ఇచ్చేసింది. బదులుగా తీసుకున్నది వయసు మీరుతున్న లిథువేనియా ఆటగాడు షరూనాస్ మార్చ్యులియోనిస్‌ను, ఒక రెండో రౌండ్ డ్రాఫ్ట్ అవకాశాన్ని.

శాక్రమెంటోలో మొదటి ఏడాది సగటు 13.7. రెండో ఏడాది ఆడనిచ్చింది 31 మ్యాచ్‌లు, సగటు 7.3. 1998లో కాంట్రాక్ట్ ముగిసింది. ఒక్క జట్టు కూడా పిలవలేదు. కనీసం పరీక్షించి చూద్దామని కూడా రమ్మనలేదు. అప్పటికి ఆయన వయసు 29.

ఇక్కడ న్యాయంగా రెండు వైపులా చూడాలి. ఆయన్ని తీసుకోవద్దని జట్లు కూడబలుక్కున్నట్టు ఏ కాగితమూ బయటపడలేదు. శాక్రమెంటోలో ఆయన అంకెలు పడిపోయిన మాట నిజం. కానీ ఆ అంకెలు పడిపోవడానికి ఆడనివ్వకపోవడం కూడా కారణమే కదా. లీగ్‌లో అంతకన్నా తక్కువ చేయి ఉన్న షూటర్లకు ఏళ్ల తరబడి చోటు దొరికింది. బెంచీ మీద కూర్చోబెట్టి, మరిచిపోయేలా చేసి, వదిలేశారన్నది ఆయన మాట.

ఇలాంటి కథ ఈయనొక్కడిదే కాదు. షికాగో బుల్స్ ఆటగాడు క్రెయిగ్ హాడ్జెస్ 1990, 1991, 1992లో వరసగా మూడుసార్లు త్రీ పాయింట్ పోటీ గెలిచిన షూటర్. 1991లో జట్టు వైట్‌హౌస్‌కు వెళ్లినప్పుడు ఆఫ్రికన్ దుస్తుల్లో వెళ్లి, నల్లజాతి పేదల కష్టాల గురించి అధ్యక్షుడు జార్జ్ బుష్‌కు ఉత్తరం ఇచ్చాడు. 1992 తర్వాత ఏ జట్టూ అతన్ని తీసుకోలేదు. అతను ఎన్‌బీఏ మీద కేసు వేశాడు గానీ గెలవలేదు. ఇద్దరూ షూటర్లే. షూటర్ ఎంత గొప్పవాడైనా, చాలా జట్ల దృష్టిలో వాడి బదులు ఇంకొకణ్ని పెట్టుకోవచ్చు. జోర్డన్ లాంటివాడు లేకపోతే జట్టే ఉండదు. నోరు విప్పే ఖర్చు అందరికీ ఒకేలా ఉండదన్న సంగతి ఇక్కడే తెలుస్తుంది.

బ్యాగ్ భుజాన వేసుకుని దేశదేశాలు

1998లో టర్కీ వెళ్లారు. ఇస్తాంబుల్‌లోని ఫెనర్‌బాచే క్లబ్‌కు ఆడారు. సీజన్ పూర్తికాకముందే అక్కడి నుంచి వచ్చేశారు. 2000-01లో కెనడాలోని వాంకూవర్ గ్రిజ్లీస్ జట్టు పిలిచింది. అదీ ఎన్‌బీఏ జట్టే. 41 మ్యాచ్‌లు, చాలావరకు కొద్ది నిమిషాల ఆట, సగటు 6.5 పాయింట్లు. ఎన్‌బీఏలో ఆయన ఆట అంతటితో ముగిసింది. మొత్తం 586 మ్యాచ్‌లు, సగటు 14.6 పాయింట్లు.

ఆ 2001లోనే ఇంకో దెబ్బ. మిసిసిపీలోని నెకైస్‌లో కట్టుకున్న ఇల్లు తగలబడిపోయింది. ఎవరో కావాలని పెట్టిన మంటలే అవి. అంతకుముందే ఆ ఇంటి మీద నల్లజాతి వాళ్ల మీద దాడులు చేసే క్లూ క్లక్స్ క్లాన్ ముఠా అక్షరాలు రాసిపోయారు. కుటుంబంతో సహా ఫ్లోరిడాకు మకాం మార్చారు. ఇల్లు పోయింది, లీగ్ పోయింది. మిగిలింది చేతిలోని గురి ఒక్కటే.

ఆ గురితోనే మళ్లీ బయల్దేరారు. రష్యాలో పెర్మ్ నగరపు జట్టుకు ఆడారు. ఉరల్ కొండల దగ్గర, ఎముకలు కొరికే చలి. తర్వాత ఇటలీలో సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న పట్టణం రొజెటో. ఆ తర్వాత గ్రీస్‌లో థెస్సలొనీకి నగరానికి చెందిన ఆరిస్ క్లబ్. అటు నుంచి సౌదీ అరేబియాలో జిద్దాకు చెందిన అల్ ఇత్తిహాద్. చివరికి జపాన్‌లో క్యోటో హన్నరీజ్ జట్టు. అక్కడ 2011 వరకు ఆడారు. అప్పటికి వయసు 42.

పరదేశంలో పనిచేసే జీవితం ఎలా ఉంటుందో గల్ఫ్‌కు, అమెరికాకు మనుషుల్ని పంపిన ప్రతి ఇంటికీ తెలుసు. భాష రాదు, తిండి వేరు, పండగ పూట పక్కన అయినవాళ్లు ఉండరు, కాంట్రాక్ట్ ఏడాది గడిస్తే మళ్లీ ఏం జరుగుతుందో తెలియదు. యూరప్ క్లబ్బుల్లో విదేశీ ఆటగాడి పరిస్థితి అదే. పాయింట్లు కొడితే మహరాజు, రెండు మ్యాచ్‌లు సరిగ్గా ఆడకపోతే టికెట్ చేతిలో పెడతారు. ఒకప్పుడు ఏడాదికి 26 లక్షల డాలర్లు సంపాదించిన మనిషి, పేరు మొదటి నుంచి సంపాదించుకోవాల్సిన చోట్లకు పదే పదే వెళ్లారు. సబర్ అంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదు, పని ఆపకపోవడం అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఇరవై ఏళ్ల తర్వాత

2016లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్ నల్లజాతివారిపై పోలీసు దౌర్జన్యానికి నిరసనగా జాతీయ గీతం సమయంలో మొదట కూర్చున్నాడు, తర్వాత మోకాలి మీద ఉన్నాడు. దేశమంతా గగ్గోలు. ఆ సీజన్ తర్వాత అతనికీ ఏ జట్టూ చోటివ్వలేదు. అప్పుడు విలేకరులకు, చరిత్ర తిరగేసేవాళ్లకు ఇరవై ఏళ్ల కిందటి పేరు గుర్తొచ్చింది. 1996లో ఒంటరిగా నిలబడ్డ మనిషి తలుపు తట్టడం మొదలుపెట్టారు. ఆయన అదే ప్రశాంతతతో, అప్పుడు చేసింది మళ్లీ చేయాల్సి వచ్చినా చేస్తానన్నారు.

2017లో ముగ్గురేసి ఆడే బిగ్ త్రీ లీగ్ అమెరికాలో మొదలైంది. రిటైరైన ఆటగాళ్ల కోసం పెట్టిన లీగ్ అది. 48 ఏళ్ల వయసులో ఆయన అందులో దిగారు. తనకన్నా పదేళ్లు, పదిహేనేళ్లు చిన్నవాళ్ల మీద అదే పాత వేగంతో ఆగి వేస్తుంటే జనం నోళ్లు తెరిచారు. చాలామంది కుర్రాళ్లు ఆయన ఆట చూడటం అదే మొదటిసారి.

2020 ఫిబ్రవరి 29న లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఆయన 35వ నంబర్ జెర్సీని శాశ్వతంగా పక్కనపెట్టింది. అంటే ఇక ఆ జట్టులో ఆ నంబర్ ఇంకెవరూ వేసుకోరు. కాలేజీ వదిలిన 30 ఏళ్లకు దక్కిన గౌరవం అది. 2022లో ఆయన ఆత్మకథ వచ్చింది. దాన్ని ప్రచురించింది కేపర్నిక్ పెట్టిన సంస్థే. 2023లో ఆయన జీవితం మీద ‘స్టాండ్’ అనే డాక్యుమెంటరీ విడుదలైంది.

ఈ కథ నుంచి ఏం తీసుకోవాలి?

మొదటిది, టూరెట్ లాంటి సమస్య ఉన్న పిల్లల గురించి. పిల్లాడు పదే పదే కళ్లు ఆర్పుతుంటే, మెడ తిప్పుతుంటే, అదేదో దుష్ట అలవాటనో గాలి సోకిందనో తిట్టి కొట్టే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. అది పిల్లాడి తప్పు కాదు. నరాల డాక్టర్‌కు చూపిస్తే తెలుస్తుంది, బతుకు తేలికవుతుంది. అబ్దుల్ రవూఫ్‌కు ఆ సంగతి తెలియడానికి 17 ఏళ్లు పట్టింది. ఆయన గెలిచారు గానీ, ఆ 17 ఏళ్ల అవమానం ఏ పిల్లాడికీ అక్కర్లేదు.

రెండోది, మాట ఖరీదు గురించి. ఆయన అభిప్రాయంతో ఏకీభవించవచ్చు, ఏకీభవించకపోవచ్చు. ఒలాజువాన్ ఏకీభవించలేదు. కానీ జెండా విషయంలో ఒక మాట అన్నందుకు ఒక మనిషి పనితనాన్నే పక్కన పెట్టవచ్చా అన్నది వేరే ప్రశ్న. బంతి రింగ్‌లో పడిందా లేదా అన్నది చూడాల్సిన చోట, ఆ మనిషి మనసులో ఏముందో చూడటం మొదలుపెడితే ఆటకే నష్టం. 1996 తర్వాత అమెరికా ప్రేక్షకులు పోగొట్టుకున్నది అదే. ఒక గొప్ప షూటర్ తన మంచి వయసులో ఎలా ఆడేవారో వాళ్లు చూడలేదు. పెర్మ్‌లో, రొజెటోలో, జిద్దాలో, క్యోటోలో జనం చూశారు.

మూడోది, రాజీ గురించి. మార్చి 15న ఆయన నిలబడ్డారు, దువా చేశారు. పూర్తిగా ఎదిరించాలన్నవాళ్లకు అది నచ్చలేదు, పూర్తిగా లొంగాలన్నవాళ్లకూ నచ్చలేదు. అయినా ఆ దారిలో ఎవరి గౌరవమూ పోలేదు. లీగ్ నిబంధన నిలిచింది, ఆయన నమ్మకమూ నిలిచింది. దాన్ని అక్కడితో వదిలేసి ఉంటే కథ వేరేగా ఉండేది. ఒప్పందం కుదిరాక కూడా లోపల కక్ష మిగిలితే రాజీకి అర్థం ఉండదు.

ఇప్పుడు ఆయన వయసు 50 దాటింది. యువకులకు ఆట నేర్పుతున్నారు, పిలిచిన చోటికి వెళ్లి మాట్లాడుతున్నారు. రికార్డు పుస్తకాల్లో ఒక్క ఫ్రీ త్రో తేడాతో చేజారిన స్థానం ఉంది. ఇంటి గోడ మీద ఛాంపియన్ ఉంగరం లేదు. కానీ 1996లో ఆయన్ని ఎగతాళి చేసిన స్టేడియాల్లోనే ఈ తరం ఆటగాళ్లు అన్యాయం గురించి బాహాటంగా మాట్లాడుతున్నారు. 2020లో ఎన్‌బీఏ ఆటగాళ్లు జట్లకు జట్లుగా గీతం సమయంలో మోకాళ్ల మీద కూర్చుంటే, అదే లీగ్ ఎవరినీ సస్పెండ్ చేయలేదు. నిబంధన మాత్రం పుస్తకంలో అలాగే ఉంది.